తెర మీది తెలుగక్షరము

కిండిల్ పఠనయంత్రములను, వానిలో చదువుకొను పుస్తకములను అమ్ముచున్న అమెజాన్ సంస్థ, పాఠకులకు చిరకాలముగా ఇచ్చుచుండిన ఒక సదుపాయమును 2025 ఫిబ్రవరి 26వ తేదీన ఉపసంహరించినది. కొన్న పుస్తకపు ఫైలును తన కంప్యూటరులోనికి దించుకొని, అక్కడినుండి తీగద్వారా యంత్రములోనికి ఎక్కించుకొను వీలు నాటితో ముగిసినది. కొన్న పుస్తకము కొన్నవానిదా, అమ్మినవానిదా అను వాదము దానితో మరల తలయెత్తినది. ఆ వాదము సబబైనదే. అయితే దాని వెనుక మరియొక ప్రశ్న ఉన్నది. ఈ-పుస్తకము ఏ రూపమున ఉన్నది? దాని అక్షరములను తెరపై కూర్చువారెవరు? ఆంగ్ల పాఠకునకు ఇది సౌకర్యమునకు సంబంధించిన ముచ్చట. తెలుగు పాఠకునకు మాత్రము అక్షరము అక్షరముగా కనబడునా లేదా అన్నంతవరకు పోవు సమస్య.

అచ్చుపుస్తకమునకు ఈ చిక్కు లేదు. కంపోజిటరు అరలనుండి అచ్చులను ఏరి, ఒత్తులను వాని స్థానములలో అమర్చి, పంక్తిని బిగించి, ప్రూఫు తీసి, దిద్ది, ఫారము కట్టినపిదప ఆ పుట రూపము స్థిరపడిపోవును. విజయవాడలో అచ్చయిన పుస్తకమును వరంగల్లులో తెరిచినను, డెట్రాయిట్‌లో తెరిచినను అదే పుట. ఈ-పుస్తకము అట్టిది కాదు. అది కంపోజు కాని పుస్తకము. ఫైలులో ఉండునది వ్రాతప్రతియు, దానిని ఎట్లు అమర్చవలెనో చెప్పు సూచనలును మాత్రమే. పాఠకుడు పుట తెరిచిన క్షణమున, ఆ తెర వెడల్పును బట్టి, అతడు ఎంచుకొనిన అక్షర పరిమాణమును బట్టి, యంత్రము అప్పటికప్పుడు పంక్తులను కూర్చును. అక్షరము పెద్దది చేసినచో మొదటినుండి మరల కూర్చును. అనగా ప్రతి పఠనయంత్రములోను ఒక కంపోజిటరు కూర్చుండియున్నాడన్నమాట. ఆ కంపోజిటరుకు తెలుగు వచ్చునా రాదా అన్నదే ఇక్కడ తేలవలసిన విషయము.

ముందు ఫైళ్ల సంగతి. ఈ-పుస్తకములకు ఒక ఉమ్మడి రూపము ఉండవలెనను ప్రయత్నము 1999లో ‘ఓపెన్ ఈబుక్’ అను పేర ఆరంభమైనది. 2007లో అది ‘ఈపబ్’ అయినది. 2011లో దాని మూడవ సంపుటి వెలువడినది. ఆ బాధ్యత 2017లో, వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యూ3సీ సంస్థకు సంక్రమించినది. 2023లో ఆ సంస్థ ఈపబ్ 3.3ను ప్రమాణముగా ప్రకటించినది. ఇంతకు ఈపబ్ అనగా బ్రహ్మపదార్థమేమియు కాదు. అది ఒక జిప్ మూట. ఫైలు పేరు చివర ‘ఈపబ్’ అని ఉన్నచోట ‘జిప్’ అని మార్చి విప్పిచూచినచో, లోపల వెబ్ పుటలవంటి పుటలు, వాని అలంకారమును నిర్దేశించు ఒక పట్టిక, బొమ్మలు, కొన్నిట ఫాంట్లు, ఏ అధ్యాయము తరువాత ఏది రావలెనో చెప్పు ఒక జాబితా కనబడును. మూట విప్పదగినది, లోపలి సరుకు చూడదగినది, దిద్దదగినది. ఈపబ్ గొప్పతనమంతయు ఇదే.

అమెజాన్ వారు వేరు బాట పట్టిరి. ఫ్రాన్సులో 2000లో పుట్టిన మోబిపాకెట్ అను సంస్థను వారు 2005లో కొనిరి. 2007లో కిండిల్ వెలువడినప్పుడు ఆ సంస్థవారి ‘మోబీ’ రూపమే దానికి పునాది. చిన్న చేతియంత్రముల కాలమునకు తగిన ఆ పాత రూపములో పుస్తకముతోపాటు ఫాంటును జతచేయు వీలు లేకుండెను. 2011లో వచ్చిన ‘కేఎఫ్8’ ఆ లోపమును తీర్చినది. 2015లో ‘కేఎఫ్ఎక్స్’ అను మరియొకటి వచ్చినది. పదములను విరిచి పంక్తులను సరిచేయుటలోను, అక్షరముల నడుమ ఎడమును దిద్దుటలోను అది వెనుకటివానికంటె మేలైనది. 2022లో సంస్థ తన ‘సెండ్ టు కిండిల్’ సేవలో ఈపబ్ ఫైళ్లను స్వీకరించుటకు అంగీకరించి, మోబీని పక్కకు నెట్టుట ఆరంభించినది. కిండిల్ ఈపబ్‌ను చదువుచున్నదని అనేకులు అప్పుడు సంతోషించిరి. నిజమునకు అది చదువుట కాదు. పంపిన ఈపబ్‌ను సంస్థవారి కంప్యూటర్లు తమ సొంత రూపమునకు మార్చి యంత్రమునకు అందించును. నడుమ దుబాసీ ఒకడు ఉన్నాడు. మూలములోని అలంకారము, ఫాంటు, పద్యముల అమరిక ఎంతవరకు నిలుచునో ఆ దుబాసీ చలవ.

కెనడాలో పుట్టి జపానువారి రాకుటెన్ సంస్థ చేతికి పోయిన కోబో యంత్రముల తీరు మరియొక వింత. ఆ యంత్రములో పుటలను కూర్చు సాధనములు రెండున్నవి. ‘ఈపబ్’ అను పేరుతో వచ్చిన ఫైలును అడోబీ వారి సాధనము కూర్చును; ‘కేపబ్’ అని గుర్తు వేసుకొని వచ్చినదానిని వేరొక సాధనము కూర్చును. ఒకే పుస్తకము, ఒకే యంత్రము, ఒకే తెర. ఏ గుర్తుతో లోపలికి వచ్చినదను దానిని బట్టి పంక్తుల ఎడము, అంచుల వెడల్పు, అధోజ్ఞాపికలు తెరుచుకొను తీరు మారిపోవును. ప్రచురణకర్త ఒకచోట చూచి బాగున్నదనుకొనిన పుట మరియొకచోట చెదరుటకు ఇటువంటివే కారణములు. ఈ రూపములనన్నిటిని ఒకదానినుండి మరియొకదానికి మార్చుకొనుటకు ‘క్యాలిబర్’ అను సాధనము ఉచితముగా దొరకుచున్నది. దానిని నిర్మించినవాడు కోవిద్ గోయల్ అను భారతీయుడు. 2006లో తన సొంత పఠనయంత్రము కొరకు వ్రాసికొనిన ప్రోగ్రాము అట్లు పెరిగినది.

ఇంతవరకు చెప్పినది అన్ని భాషలకును వర్తించును. తెలుగునకు ప్రత్యేకమైన కష్టము అక్షరము లోపలనే ఉన్నది.

‘స్త్రీ’ అను మాట చూపునకు ఒకే అక్షరము. ఫైలులో అది ఆరు సంకేతములు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. వీనిని వరుసగా తెరపై పేర్చినంతమాత్రమున ‘స్త్రీ’ కాదు. అన్నిటికంటె చివర వచ్చిన గుడిదీర్ఘము వెనుకకు నడిచి మొదటి ‘స’ తల మీదికి ఎక్కవలెను. తకారము చిన్నదై ఒత్తుగా క్రిందికి దిగవలెను. రేఫ క్రావడియై దాని చెంత చేరవలెను. ఈ కూర్పు విధానము ఫాంటులోనే వ్రాసి ఉండును. దానిని చదివి అమలుపరచు సామర్థ్యము యంత్రములోని సాధనమునకు ఉండవలెను. రెండింటిలో ఏది లోపించినను ఒత్తులన్నియు విడిపోయి, పొల్లుతోకలతో వరుసగా నిలిచిన హల్లులు కనబడును. అక్షరాభ్యాసము నాటి పిల్లవాడు కూడబలుకుకొనినట్లు పాఠకుడు పుస్తకమంతయు కూడబలుకుకొనవలసివచ్చును. ఫాంటే లేనిచోట ఆ మాత్రము భాగ్యము కూడ లేదు. పుట నిండ ఖాళీ చతురస్రములు. పాఠకుడు యంత్రములోని పట్టికనుండి వేరొక ఫాంటును ఎంచుకొనగానే, అంతవరకు చక్కగా ఉన్న తెలుగు పుస్తకము చతురస్రముల పాలగుటయు కలదు. ఎంచుకొనిన ఫాంటు ఆంగ్లమునకు చేసినదై, తెలుగు లేనిచోట మరియొక ఫాంటును వెదకికొను తెలివి యంత్రమునకు లేనప్పుడు జరుగునది ఇదే.

కంటికి కనబడని సంకేతములు ఇంకొక తంటా. ‘సాఫ్ట్‌వేర్’ అని వ్రాయునప్పుడు టకారపు పొల్లు తరువాత ఒక అదృశ్య సంకేతము ఉండును. ఇక్కడ వకారమును ఒత్తుగా దింపవలదని యంత్రమునకు అది చెప్పు మాట. మార్పిడిలో దానిని ఎవరైన ఊడ్చివేసినచో ‘సాఫ్ట్వేర్’ అగును. ‘రాజ్‌కుమార్’ కాస్త ‘రాజ్కుమార్’ అయి కూర్చుండును. కొన్ని యంత్రములు ఆ సంకేతమును గ్రహింపలేక దాని స్థానమున ఒక గడిని చూపును. అన్యదేశ్యములు విరివిగా దొర్లు నేటి నవలలో, వార్తావ్యాసములో, ఇట్టి గడులు పుటకు పది వచ్చినను ఆశ్చర్యము లేదు.

పాత గ్రంథములను తిరిగి వెలువరించువారికి వేరొక పరీక్ష. పూర్వముద్రణలలోని నకారపొల్లుకు యూనికోడులో ప్రత్యేక స్థానము 2021లో, 14వ సంపుటితో గాని లభింపలేదు. దంత్య చ, జలకు చోటు దొరకినది 2008లో. నిన్న మొన్న చోటు దొరకిన అక్షరమును పాత యంత్రములోని పాత ఫాంటు ఎరుగదు. గ్రంథపరిష్కర్త మూలమునందలి లిపిని యథాతథముగా నిలుపవలెనని శ్రద్ధతో ఆ అక్షరమును వాడినకొలది, పాఠకుని తెర మీద ఖాళీ గడులు పెరుగును. శ్రద్ధకు శిక్ష పడుట అనగా ఇదియే.

పంక్తుల నడుమ ఎడము కూడ లాటిను లిపిని మనసులో పెట్టుకొని నిర్ణయించినదే. ఆంగ్ల అక్షరమునకు క్రిందికి దిగునది జీ, వై వంటి కొన్నింటి తోక మాత్రమే. తెలుగున పై పంక్తి ఒత్తులును క్రింది పంక్తి గుడులును ఒకే సందులో ఇరుకవలెను. ఎడము చాలనిచోట ఒత్తు క్రింది అక్షరముతో రాచుకొనును, లేదా సగము కోసుకొనిపోవును. ఇక పదముల పొడవు. సమాసమొకటి పంక్తిలో ముప్పాతిక ఆక్రమించి, తక్కిన భాగమున ఇమడక క్రిందికి జారినప్పుడు, రెండంచులను సమముగా నిలుపవలెనను పట్టుదలగల యంత్రము మిగిలిన రెండు మూడు పదములను పంక్తి పొడవున విసరివేయును. పదమును ఎక్కడ విరువవచ్చునో యంత్రమునకు నేర్పినచో ఇది తీరును. ఆంగ్లమునకు ఆ పాఠము ఎన్నడో చెప్పిరి.

పద్యము గతి మరీ దయనీయము. సీసపాదములో ఆరు ఇంద్రగణములు, రెండు సూర్యగణములు. అచ్చులోనే దానిని రెండు పంక్తులుగా విరుచుట ఆచారము. ఆరంగుళముల తెరపై, కొంచెము పెద్ద అక్షరములో, ఆ అరపాదము కూడ మరల విరుగును. విరిగిన తునక లోపలికి జరిగి నిలిచినచో పాఠకుడు ఇది పాదశేషమని గుర్తించును. ఎడమ అంచునకే వచ్చి నిలిచినచో పాదమెక్కడ ముగిసినది, యతి ఎక్కడ పడినది తెలియదు. లోపలికి జరుపుటకు ఈపబ్‌లో సూచన వ్రాయవచ్చును. వ్రాయువారు అరుదు, వ్రాసినను, అంచులు తన ఇష్టప్రకారమే ఉండవలెనను యంత్రము దానిని తోసిపుచ్చవచ్చును.

ఈ కష్టములన్నిటికి పరిష్కారము లేకపోలేదు. వెబ్ చూపు సాధనములలోను, చేతిఫోనులలోను తెలుగు కూర్పు నేడు చక్కగానే సాగుచున్నది. ఉచితముగా దొరకు యూనికోడు ఫాంట్లు అనేకము వచ్చినవి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, గిడుగు మున్నగువారి పేర్లే వానికి పెట్టిరి. కిండిల్‌లోను కోబోలోను పాఠకుడు తనకు నచ్చిన ఫాంటును తెచ్చి పెట్టుకొను వీలున్నది. కావున విద్య లేక ఆగిన పని కాదు ఇది; పట్టించుకొనువారు లేక ఆగినది. 2016 డిసెంబరులో అమెజాన్ వారు భారతీయ భాషలలో కిండిల్ పుస్తకముల అమ్మకమును ఆరంభించినప్పుడు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను ఐదు భాషలను ఎంచుకొనిరి. తెలుగు ఆ ఐదింటిలో లేదు. మలయాళము మాట్లాడువారికంటె తెలుగు మాట్లాడువారు రెట్టింపునకు మించి ఉన్నారని జనాభా లెక్కలు చెప్పుచున్నవి. జనసంఖ్య వేరు, పుస్తకము కొనువారి సంఖ్య వేరు అని వ్యాపారి లెక్క వేసినచో అతనిని తప్పుపట్టుట కష్టమే. ఆ లెక్క తెలుగువారికి వినసొంపైనది మాత్రము కాదు.

యంత్రము అక్షరమును చెడగొట్టునను భయముతో తెలుగు ప్రచురణరంగము పీడీఎఫ్‌ను ఆశ్రయించినది. 1993లో అడోబీ వారు ప్రవేశపెట్టిన ఈ రూపమున పుట స్థిరము. అచ్చులో ఎట్లున్నదో తెరపైనను అట్లే. ఒత్తు చెదరదు, పాదము విరుగదు. అయితే ఆ స్థిరత్వమునకు చెల్లించు మూల్యము తక్కువది కాదు. ఏ4 కాగితమునకు కూర్చిన పుటను ఆరంగుళముల తెరలో ఇమిడ్చినప్పుడు 12 పాయింట్ల అక్షరము సుమారు 5 పాయింట్లకు కుదించుకొనిపోవును. డెమ్మీ పుటయైనను 7 పాయింట్ల దగ్గర నిలుచును. పంచాంగములోని సన్న అక్షరమును తలపించు ఆ పుటను పెద్దది చేసికొని, ప్రతి పంక్తికి కుడికి ఎడమకు జరుపుకొనుచు మూడువందల పుటల నవల చదువు ఓపిక ఎవరికున్నది? అక్షరమును ఇష్టము వచ్చినంత పెద్దది చేసికొనవచ్చుననియే గదా చూపు మందగించిన పెద్దలు ఈ యంత్రములను కొనుచున్నది.

పీడీఎఫ్ లోపల ఉన్నదేమో చూచినచో చిక్కు ఇంకను ముదురును. తెలుగునాట పుస్తకములలో అధికభాగము ఏండ్ల తరబడి అను ఫాంట్లతోను, శ్రీలిపివంటివానితోను కూర్పబడినవి. ఆ పద్ధతిలో ఫైలున ఉన్నవి తెలుగు అక్షరముల సంకేతములు కావు. లాటిను అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను కూర్చి చేసిన బొమ్మలు. తలకట్టు ఒక మీట, ఒత్తు ఒక మీట. కాగితముపై ముద్రించువరకు ఏ లోటును లేదు. ఆ ఫాంటును తొలగించిన క్షణమున మిగులునది అర్థములేని ఆంగ్ల అక్షరముల గుంపు. అందులో ఒక మాటను వెదకుట కుదరదు. నిఘంటువుతో ముడివేయుట కుదరదు. ఈపబ్‌గా మార్చిన పుట నిండ చెత్తయే. యూనికోడుతో చేసిన పీడీఎఫ్‌లో సైతము సంకేతముల క్రమము చెదరి, ‘స్త్రీ’ అని వెదకినచో దొరకకపోవుట కలదు. పాత పుస్తకములను ఛాయాచిత్రములుగా తీసి పెట్టిన పీడీఎఫ్‌ల మాట చెప్పనే అక్కరలేదు. అవి పుస్తకము యొక్క బొమ్మలు. గ్రంథము దొరకకపోవుటకంటె మేలే. అయినను చదువరికి కావలసినది బొమ్మ కాదు.

ఈ లోటు అందరికంటె ఎక్కువగా తగులునది చూపు లేని పాఠకునకు. వ్రాతను పైకి చదివి వినిపించు సాధనములు తెలుగునకు వచ్చినవి. యూనికోడులో ఉన్న ఈపబ్‌ను అవి చదివిపెట్టగలవు. అను ఫాంటు ఫైలు ఎదుట అవి మూగవి, బొమ్మల పీడీఎఫ్ ఎదుట గ్రుడ్డివి. అంధులకు గ్రంథములను చదువదగిన రూపమున అందించుటకు ఉద్దేశించిన మరకేష్ ఒప్పందమును ప్రపంచమున అందరికంటె ముందుగా, 2014లో, ఆమోదించిన దేశము భారతదేశము. అంతకుముందే 2012 నాటి సవరణతో కాపీరైటు చట్టము అందులకు దారి తెరిచినది. ఐరోపా దేశములలో 2025 జూన్ 28 నుండి అమలులోనికి వచ్చిన చట్టము, అమ్మకమునకు వచ్చు ఈ-పుస్తకములు, పఠనయంత్రములు వికలాంగులకు అనువుగా ఉండితీరవలెనని విధించుచున్నది. ఇక్కడ చట్టము అనుమతి ఇచ్చుటతో ఆగినది. అక్కడ బాధ్యతను ప్రచురణకర్త భుజముపై మోపినది. ఈ రెంటికి ఉన్న ఎడమే తెలుగు పుస్తకమునకును అంధ పాఠకునకును మధ్యనున్న ఎడము.

ఈపబ్ ఇచ్చినచో దొంగప్రతులు పెరుగునని ప్రచురణకర్తలు చెప్పుచుందురు. ఈ మాటలో పస తక్కువ. తెలుగు పుస్తకముల దొంగప్రతులుగా వాట్సాప్‌లోను, టెలిగ్రాంలోను తిరుగుచున్నవి చాలవరకు పీడీఎఫ్‌లే; అచ్చుపుస్తకమును ఫోనుతో ఫొటోలు తీసి కుట్టినవి కూడ అందులో ఉన్నవి. దొంగకు ఏ రూపమైనను ఒకటే. డబ్బిచ్చి కొనువానికి మాత్రము చదువ వీలైన రూపము దొరకుట లేదు. అసలు అడ్డంకి వేరు: పాత ఫైళ్లను యూనికోడునకు మార్చినపిదప ఆద్యంతము ప్రూఫు చూడవలెను, ఆ ఖర్చు ఎవరు భరింతురు? మార్పిడి సాధనములు ఉన్నవి గాని, ఒత్తులు తారుమారగుట, అరసున్నలు మాయమగుట వానితో వచ్చు తెగుళ్లు. ఖర్చును గూర్చిన ఈ అభ్యంతరము న్యాయమైనది. దీనికి సమాధానము వెదకవలసినవారిలో అకాడమీలు, విశ్వవిద్యాలయములు, రెండు రాష్ట్రముల గ్రంథాలయ సంస్థలు కూడ ఉన్నవి. నేటినుండి వెలువడు కొత్త పుస్తకములనైన యూనికోడులో కూర్చుటకు మాత్రము ఆ అభ్యంతరము అడ్డురాదు.

జీతము లేని కార్యకర్తలు ఈ పనిని కొంత చేసి చూపిరి. తెలుగు వికీసోర్స్‌లో కాపీరైటు తీరిన గ్రంథముల ఛాయాప్రతులను ఒక ప్రక్కను, వ్రాతను మరియొక ప్రక్కను పెట్టుకొని పుట పుటను పోల్చి దిద్దుచున్నారు. దిద్దిన గ్రంథమును ఎవరైనను ఈపబ్‌గా దించుకొనవచ్చును. అది క్యాలిబర్‌కు లొంగును, కోబోకు లొంగును, ఫోనుకు లొంగును, అంధునకు వినిపించును. రేపు మరియొక సంస్థ మరియొక రూపమును తెచ్చి నేటి యంత్రములన్నిటిని మూలపడవేసినను, యూనికోడు వ్రాత చేతిలో ఉన్నంతవరకు దానిని కొత్త పాత్రలో పోసికొనవచ్చును. మోబీ పోయినప్పుడు నష్టపోయినవారు మూలప్రతి లేక మోబీని మాత్రమే దాచుకొనినవారు.

అచ్చాఫీసులో ప్రూఫురీడరు చేయుచుండిన పని కూడ ఇప్పుడు చోటు మారినది. ఈపబ్ నిర్మాణములో తప్పులున్నవేమో చూచుటకు ‘ఈపబ్‌చెక్’ అను సాధనమున్నది. మూట సరిగా కట్టితిరా, జాబితాలో చెప్పిన అధ్యాయములన్నియు లోపల ఉన్నవా అని అది తరచి చూచి చెప్పును. తకారపు ఒత్తు సకారము క్రిందనే ఉన్నదా, పంక్తి అంచున తెగినదా అని అది చెప్పలేదు. ఒక కిండిల్‌ను, ఒక కోబోను, ఒక ఫోనును ఎదుట పెట్టుకొని, అక్షరమును ఒకసారి చిన్నది చేసి, ఒకసారి పెద్దది చేసి, ఫాంటు మార్చి చూచి, తెలుగు చదువ వచ్చిన మనిషి ఒకడు కూర్చుండి తేల్చవలసిన సంగతి అది. ఆ ఉద్యోగమునకు తెలుగు ప్రచురణాలయములలో ఇంకను పేరు పెట్టలేదు.